యూరియా తొట్టిలో నాలుగు కణాల నాచు, డీఏపీ తొట్టిలో ఒంటి కణాలు: ఒకటే నాచా, వేర్వేరా?

మేడమీద_తామర (గుంటూరు, బ్రాడీపేట)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తామర తొట్ల గురించి ఇక్కడ ఇదివరకు చాలాసార్లు విసిగించాను. ఈసారి ప్రశ్న నాచు గురించి. నవ్వకండి.

గప్పీ చేపపిల్లలకు మేతగా మోయినా (నీళ్ళలో ఉండే సన్నటి పురుగు) పెంచుదామనుకున్నాను. మోయినాకు పచ్చనీళ్ళు కావాలి కదా, అందుకని మేడ మీద మూడు ప్లాస్టిక్ టబ్బులు పెట్టాను. ఒక్కోటి వంద లీటర్లు. మున్సిపల్ నీళ్ళు పట్టి, క్లోరిన్ పోవడానికి రెండు రోజులు ఎండలో ఉంచాను. తర్వాత పెరుగుకు తోడేసినట్టు మూడింటిలోనూ తామర తొట్టి పచ్చనీళ్ళు ఒక్కో చెంబు పోశాను.

మొదటి టబ్బులో యూరియా 2 గ్రాములు, డీఏపీ 2 గ్రాములు. రెండోదాంట్లో యూరియా ఒక్కటే, 3 గ్రాములు. మూడోదాంట్లో ఏమీ వెయ్యలేదు. మావారు షాపు నుంచి తెచ్చుకున్న బంగారం కాటా మీద తూచాను. ఆయన ఈ వేదిక చూడరు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

పన్నెండు రోజులైంది. మొదటిది చిక్కటి పాలకూర పప్పులా ఉంది, చెయ్యి పెడితే మణికట్టు కనపడదు. రెండోది లేత పచ్చ, అడుగు కనిపిస్తోంది. మూడోది దాదాపు మామూలు నీళ్ళే.

మా అమ్మాయి దగ్గర ఫోల్డ్‌స్కోప్ ఉంది, ఆ కాగితం మైక్రోస్కోప్. దాంట్లో చూస్తే మొదటి టబ్బు నీళ్ళలో అన్నీ విడివిడి గుండ్రటి కణాలు, ఆవగింజలు చల్లినట్టు. రెండో టబ్బులో మాత్రం నాలుగు కణాలు వరసగా అంటుకుని ఉన్నాయి, చేతి వేళ్ళు నాలుగూ దగ్గర పెట్టినట్టు. చివర్లలో చిన్న ముళ్ళు కూడా ఉన్నాయి.

తోడు ఒకటే, నీళ్ళు ఒకటే, తేడా అల్లా డీఏపీయే. అంటే తిండిని బట్టి నాచు ఆకారం మారిపోయిందా? లేక ఇవి వేరే వేరే నాచులా?

ఎరువుల_రాజు (గుంటూరు)
ఆదివారం, రాత్రి 10:05

అక్కా, ఇందులో అంత ఆలోచించాల్సిందేం లేదు. రెండో టబ్బులో భాస్వరం లేదు, అందుకే పెరగలేదు. డీఏపీ అంటే 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం. యూరియాలో 46 శాతం నత్రజనే, ఇంకేమీ ఉండదు. ఇవన్నీ ఎందుకు, 19-19-19 కొనెయ్యండి, మూడూ సమానం. పొటాష్ కూడా వచ్చేస్తుంది.

బందరుకాలవ (విజయవాడ)
ఆదివారం, రాత్రి 10:20

రాజూ, రాత్రి పదింటికి కూడా కొట్టు తెరిచే ఉంచావా.

చెల్లెమ్మా, నువ్వు మేడ మీద గ్రాములు తూచి పెంచుతున్నదాన్ని మా కాలవలో ఎవరూ ఏమీ తూచకుండా టన్నుల్లో పెంచుతున్నాం. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు వచ్చి చూడు. అడుగున నిలిచిన మడుగుల్లో డ్రైనేజీ నీళ్ళు కలిసి నాలుగు రోజులకే పచ్చ పెయింటు వేసినట్టు అవుతుంది.

బాటనీ_మాస్టారు (విజయవాడ, సత్యనారాయణపురం)
సోమవారం, ఉదయం 6:15

అమ్మా, ప్రశ్న బాగుంది. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు శైవలాలు చెప్పాను, ఒక్కరూ ఇలా అడగలేదు. పరీక్షలో స్పైరోగైరా బొమ్మ వస్తుందా రాదా అన్నదే వాళ్ళ బెంగ.

నువ్వు చూసిన నాలుగు వేళ్ళ నాచు సీనెడెస్మస్. ఇప్పుడు ముళ్ళున్న రకాలను విడదీసి డెస్మోడెస్మస్ అంటున్నారు. నాకు పాత పేరే నోటికొస్తుంది. తల్లికణం లోపలే నాలుగో ఎనిమిదో పిల్లకణాలు తయారై, పక్కపక్కనే అతుక్కుని ఒక్కసారిగా బయటికొస్తాయి. ఆ గుంపును సీనోబియం అంటాం. విడిగా ఉన్న కణాలు వచ్చి తర్వాత అతుక్కోవడం కాదు, పుట్టుకే అలా.

దీని ఆకారం పోషకాలను బట్టి మారుతుందన్నది నిజమే. అమెరికాలో కనెటికట్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్ ట్రెయినర్ అనే ఆయన దశాబ్దాల పాటు ఇదే పని చేశాడు. ఒకే కణం నుంచి పెంచిన సీనెడెస్మస్, ద్రావణం కూర్పును బట్టీ, కల్చర్ వయసును బట్టీ ఒంటి కణాలుగానూ, నాలుగు కణాల గుంపులుగానూ రావడం చూపించాడు. వేరు వేరు జాతులని పాతవాళ్ళు పేర్లు పెట్టినవాటిలో కొన్ని ఒకే జీవి వేషాలేనని తేలింది.

అయితే నీ టబ్బుల్లో జరిగింది కూడా అదేనని నేను ఇప్పుడే అనను. ఆయన ఒక్క కణంతో మొదలుపెట్టాడు. నువ్వు చెంబుడు నీళ్ళతో మొదలుపెట్టావు. ఆ చెంబులో పదో పాతికో రకాలుంటాయి. ఏ టబ్బులో ఎవరికి వంట నచ్చితే వాళ్ళు పంక్తిలో కూర్చున్నారేమో.

ల్యాబ్_కోటు (నాగార్జున నగర్)
సోమవారం, మధ్యాహ్నం 1:30

మాస్టారు చెప్పిందే నా అనుమానం కూడా. అక్కా, మొదటి టబ్బులో గుండ్రటివి సీనెడెస్మస్ ఒంటి కణాలు కాకపోవచ్చు. సీనెడెస్మస్ ఒంటరిగా ఉన్నా కోలగానే ఉంటుంది, చాలాసార్లు ముళ్ళు కూడా ఉంటాయి. బంతిలా నున్నగా, మరీ చిన్నగా ఉంటే క్లోరెల్లా లాంటిది అయ్యుంటుంది. 1890లో బైయరింక్ మొట్టమొదట విడిగా పెంచిన నాచు ఇదే. పోషకాలు దండిగా ఉన్నచోట ఇలాంటి చిన్న కణాలు అందరికంటే ముందు పరుగెడతాయి. చిన్న ఒంటికి లోపలి భాగం తక్కువ, పైచర్మం ఎక్కువ కదా, అందుకని తిండి పీల్చుకోవడం తేలిక.

ఒక పని చెయ్యండి. మొదటి టబ్బు చుక్కలో కోలగా ఉన్నవి ఎన్ని, బంతుల్లా ఉన్నవి ఎన్ని, ఒక ఇరవై ముప్పై చూసి చెప్పండి. ఫోల్డ్‌స్కోప్ 140 రెట్లు చూపిస్తుంది, సరిపోతుంది.

రాజు గారికి ఒక మాట. భాస్వరం 46 శాతం కాదండీ, అది భాస్వరం ఆక్సైడ్ లెక్క. అసలు భాస్వరం సుమారు 20 శాతమే. బస్తా మీద అలా రాయడం పాత అలవాటు.

ఎరువుల_రాజు
సోమవారం, మధ్యాహ్నం 2:10

బస్తా మీద ఉన్నది నేను చెప్పాను. బస్తా తప్పంటే కంపెనీ వాళ్ళతో మాట్లాడుకోండి 🙂

మేడమీద_తామర
సోమవారం, రాత్రి 8:55

చూశాను. మొదటి టబ్బులో దాదాపు అన్నీ బంతులే. వెతగ్గా వెతగ్గా నాలుగు వేళ్ళవి ఒకటో రెండో కనిపించాయి. అంటే క్లోరెల్లా గెలిచిందన్నమాట. నా గొప్ప కనిపెట్టుడు ఒక్క రోజులో పోయింది.

మరి రెండో టబ్బులో ఎందుకు అందరూ నలుగురేసి పట్టుకుని తిరుగుతున్నారు? భాస్వరం లేకనా?

కైకలూరు_చెరువు
సోమవారం, రాత్రి 9:30

నాది చేపల చెరువు, మైక్రోస్కోపు లేదు. కానీ ఒకటి అడుగుతా. మోయినా ఏ టబ్బులో వేశారమ్మా?

మేడమీద_తామర
సోమవారం, రాత్రి 9:42

అయ్యో, అది చెప్పనేలేదు కదా. ముందు మొదటి టబ్బులోనే వేశాను అన్నయ్యా, బాగా పచ్చగా ఉందని. మర్నాటికల్లా అన్నీ చచ్చి అడుగున పడ్డాయి. మిగిలినవి రెండో టబ్బులో వేస్తే హాయిగా పెరిగాయి. అయిదో రోజు నుంచీ అక్కడే ఉన్నాయి.

కైకలూరు_చెరువు
సోమవారం, రాత్రి 10:00

మొదటి టబ్బులో ఎందుకు చచ్చాయో నేను చెప్తా. మధ్యాహ్నం పూట పాచి నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్ అంతా పీల్చేస్తుంది, పీహెచ్ 9 దాటిపోతుంది. యూరియా విడిపోతే వచ్చేది అమ్మోనియా. పీహెచ్ తక్కువున్నప్పుడు దానితో పెద్ద ప్రమాదం లేదు, 9 దాటిందంటే విషం. మా చెరువుల్లో నీళ్ళు మరీ రంగెక్కితే యూరియా ఆపేసేది అందుకే. పొద్దున ఆరింటికి చూస్తే 7.5 ఉంటుంది, నీళ్ళు బాగానే ఉన్నాయనుకుంటాం. మధ్యాహ్నం రెండింటికి చూడాలి.

డీఏపీ కూడా గుళికలు అలాగే వెయ్యకూడదు. రాత్రంతా నానబెట్టి, పొద్దున తేరిన నీళ్ళు చల్లాలి. గుళికలు అడుగున బురదలో పడితే భాస్వరం అక్కడే ఇరుక్కుపోతుంది.

ల్యాబ్_కోటు
మంగళవారం, మధ్యాహ్నం 1:15

కైకలూరు అన్నయ్య అడిగిన ప్రశ్నతో కథ తిరిగింది. అక్కా, రెండో టబ్బుకు డీఏపీ లేకపోవడం ఒక్కటే తేడా కాదు. మోయినా కూడా ఉంది.

1993లో హెసెన్, వాన్ డాంక్ అని ఇద్దరు ఒక చక్కటి సంగతి బయటపెట్టారు. డాఫ్నియా అంటే మన మోయినాకు దగ్గరి చుట్టం. అది పెరిగిన నీళ్ళను వడకట్టి, ఒక్క డాఫ్నియా కూడా లేకుండా, ఆ ఉత్త నీళ్ళను సీనెడెస్మస్‌లో కలిపారు. విడిగా ఉండాల్సిన నాచు గుంపులు కట్టింది, ముళ్ళు కూడా పెరిగాయి. తనను తినేది దగ్గర్లో ఉందని నీళ్ళలో వాసన తగిలి, నోట్లో పట్టనంత పెద్దదైందన్నమాట.

కాబట్టి మీ నాలుగు వేళ్ళకు కారణం భాస్వరం కావచ్చు, మోయినా కావచ్చు, రెండూ కావచ్చు. ఒకేసారి రెండు మార్చారు కాబట్టి ఇప్పుడు విడదీయలేం.

బందరుకాలవ
మంగళవారం, మధ్యాహ్నం 1:40

పులి వాసన తగిలితే మేకలన్నీ మందలో చేరినట్టు. నాచుకు కూడా ఇంత తెలివా?

బాటనీ_మాస్టారు
మంగళవారం, సాయంత్రం 5:30

తెలివి అనకు, అలవాటు అను.

చర్చ పోషకాల నుంచి పక్కకు జరిగింది కాబట్టి నేనొకటి అడుగుతా. అమ్మా, టబ్బుల అంచున, నీటి మట్టం దగ్గర ఏమైనా పట్టిందా? అందరూ నీళ్ళనే చూస్తారు, గోడను చూడరు.

మేడమీద_తామర
మంగళవారం, రాత్రి 9:10

ఆ, రెండో టబ్బు అంచు చుట్టూ అర అంగుళం పొడవున పచ్చటి మెత్తటి జుట్టులాంటిది పట్టింది. జారుడుగా ఉంది. దాన్ని కడిగేద్దామని పాత టూత్‌బ్రష్ కూడా తీసి పెట్టుకున్నాను. మొదటి టబ్బులో కొద్దిగా ఉంది కానీ పొట్టిగా, దట్టంగా ఉంది.

బాటనీ_మాస్టారు
మంగళవారం, రాత్రి 9:14

కడగొద్దు. బ్రష్ అవతల పెట్టు. చిటికెడు తీసి, నీటిచుక్కలో విడదీసి చూడు. కొమ్మల చివరలు ఎలా ఉన్నాయో చెప్పు.

మేడమీద_తామర
మంగళవారం, రాత్రి 10:25

మా అమ్మాయి పడుకోకుండా నాతోనే చూసింది. చిన్న చెట్టులా కొమ్మలు కొమ్మలుగా ఉంది. ఒక్కో గదిలో పచ్చటి పట్టీ. కానీ కొమ్మల చివరలు పచ్చగా లేవు! రంగు లేని పొడవాటి వెంట్రుకలుగా సాగిపోయాయి, గాజుపోగుల్లా. లైటు కొంచెం పక్కకు తిప్పితేనే కనిపిస్తున్నాయి. కొన్ని వెంట్రుకలు అసలు కొమ్మ కంటే పొడవున్నాయి.

మొదటి టబ్బు అంచుది కూడా గీకి చూశాం. అదే చెట్టు. కానీ చివర్లు మొండిగా, పచ్చగా, కొంచెం కోసుగా ఆగిపోయాయి. వెంట్రుకలు ఎక్కడో ఒకటీ అరా.

బాటనీ_మాస్టారు
బుధవారం, ఉదయం 6:05

నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదిగో అమ్మా, నువ్వు బ్రష్షుతో తోమెయ్యబోయినది. నీళ్ళలో వెతికావు, గోడ మీద ఉంది.

నువ్వు చెప్పిన గుర్తులకు అది స్టిజియోక్లోనియమ్. కాలవగట్టు రాళ్ళకు, నీళ్ళు కారే పంపుల కింద మన ఊళ్ళోనూ పెరుగుతుంది. ఈ కుటుంబంలో భాస్వరం కరువైతే కొమ్మ చివరి కణాలు పత్రహరితం వదిలేసి సన్నటి పొడవాటి వెంట్రుకలుగా సాగుతాయి. ఇంగ్లండ్‌లో డరమ్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ విట్టన్ బృందం 1980లలో దీన్ని పట్టి పట్టి చూసింది. ఆ వెంట్రుకల గోడల మీదే ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఉంటుంది. నీళ్ళలో కుళ్ళిన ఆకుల నుంచీ, చచ్చిన పురుగుల నుంచీ వచ్చిన సేంద్రియ పదార్థంలో ఇరుక్కున్న భాస్వరాన్ని అది విడగొట్టి లోపలికి లాగుతుంది. వేరు పైన వేరునూగు ఉన్నట్టే అనుకో. తిండి దొరకనప్పుడు చెయ్యి చాపడం.

ఇది మాత్రం ఒకే మొక్క రెండు ఆకారాలు. అక్కడ క్లోరెల్లా, ఇక్కడ సీనెడెస్మస్ అన్నట్టు మనిషి మారడం కాదు, అదే మనిషి బక్కచిక్కడం.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇదే వర్గానికి దగ్గరగా చెప్పుకునే ఫ్రిచియెల్లా అనే నాచును, ఎండుతున్న మట్టి మీద మద్రాసులో ఎం.ఓ.పి. అయ్యంగార్ గారు 1932లో వర్ణించారు. మట్టిలోకి ఒక భాగం, పైకి ఒక భాగం. బందరుకాలవ గారూ, మీ కాలవ కట్టేశాక ఎండే బురదను తొక్కుకుంటూ పోకుండా ఒకసారి వంగి చూడండి.

బందరుకాలవ
బుధవారం, ఉదయం 8:20

వంగి చూస్తే వాసనకు లేవలేను మాస్టారూ.

ఎరువుల_రాజు
బుధవారం, ఉదయం 10:45

సరే, ఒప్పుకున్నా. కానీ నాకో సందేహం. రెండో టబ్బులో అసలు భాస్వరమే వెయ్యలేదు కదా, మరి ఆ సీనెడెస్మస్ అయినా పన్నెండు రోజులు ఎలా పెరిగింది? పొలంలో అయితే నేలలో ఎంతో కొంత ఉంటుంది. ఇది ప్లాస్టిక్ టబ్బు.

ల్యాబ్_కోటు
బుధవారం, మధ్యాహ్నం 1:50

మంచి ప్రశ్న రాజు గారూ. నాచు భాస్వరాన్ని దాచుకుంటుంది. దొరికినప్పుడు అవసరానికి మించి మింగేసి, పాలీఫాస్ఫేట్ గుళికలుగా లోపల పెట్టుకుంటుంది. తామర తొట్టిలో తిన్నది ఇక్కడికి మూటగట్టుకుని వచ్చింది. తల్లి దాచుకున్న మూటను పిల్లలు పంచుకుంటారు, వాళ్ళ పిల్లలు మళ్ళీ పంచుకుంటారు. కొన్ని తరాల తర్వాత గానీ కరువు తెలియదు. అందుకే భాస్వరం ఆపిన ఫలితం ఆలస్యంగా కనిపిస్తుంది.

నత్రజనికి అంత దాపరికం ఉండదు. అది అయిపోతే కణం తన పత్రహరితాన్నే కరిగించి వాడుకుంటుంది, రంగు పసుపుకు తిరుగుతుంది. విభజన ఆగిపోతుంది కానీ కిరణజన్య సంయోగక్రియ కొంతకాలం నడుస్తూనే ఉంటుంది. ఆ వచ్చిన కార్బన్‌ను పిండిగానూ నూనెగానూ లోపల నింపుకుంటుంది. నాచు నుంచి డీజిల్ అని వార్తల్లో వచ్చేదంతా ఈ కిటుకు మీదే. హెమటోకాకస్ అనే నాచు అయితే ఏకంగా ఎర్రటి గట్టి బంతిగా మారిపోతుంది.

మెగ్నీషియం కథ ఇంకా విచిత్రం. క్లోరెల్లాకు మెగ్నీషియం తగ్గిస్తే కణం పెరగడం మానదు, పిల్లకణాలుగా చీలడం మానేస్తుంది. దాంతో రాక్షస కణాలు తయారవుతాయి. గంధకం లేకపోయినా విభజన దగ్గరే ఆగుతుంది. ఎదుగుదల వేరు, విభజన వేరు అని పుస్తకంలో చదివితే నాకు ఎక్కలేదు. స్లైడ్ మీద చూశాక ఎక్కింది.

అక్కా, మీ మొదటి టబ్బు లెక్క వేశాను. 2 గ్రాముల యూరియాలో 0.92, డీఏపీలో 0.36, మొత్తం నత్రజని 1.28 గ్రాములు. వంద లీటర్లకు పంచితే లీటరుకు 12.8 మిల్లీగ్రాములు. భాస్వరం 0.4 గ్రాము, లీటరుకు 4. అంటే భాస్వరానికి మూడు రెట్ల పైచిలుకు నత్రజని. 1934లో ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ సముద్రపు ప్లవకాలతో (నీళ్ళలో తేలే సూక్ష్మజీవులతో) మొదలుపెట్టిన లెక్క తర్వాత 16 అణువుల నత్రజనికి 1 అణువు భాస్వరం అని స్థిరపడింది. బరువులో చూస్తే ఏడు రెట్లు. దాని ప్రకారం మీ మొదటి టబ్బులో ముందు నత్రజనే అయిపోవాలి. పసుపు తిరుగుతుందేమో చూస్తూ ఉండండి.

ఎరువుల_రాజు
బుధవారం, మధ్యాహ్నం 2:30

ఏడు రెట్లు కావాలంటే ఒక వంతు డీఏపీకి మూడు వంతుల యూరియా. నేను చెప్పిన 19-19-19లో మీ లెక్కన రెండున్నర రెట్లు కూడా లేదు. సరే, దాన్ని మిరపకే ఉంచుతాను.

పాత_తొట్టి (విజయవాడ, పటమట)
బుధవారం, రాత్రి 8:00

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నెట్‌లో చూసి నేను నాచు పెంచడానికి వాడే బోల్డ్ ద్రావణం చేసుకున్నాను. లీటరుకు సోడియం నైట్రేట్ 250 మిల్లీగ్రాములు, పొటాషియం ఫాస్ఫేట్లు 75, 175. ఇందాకటి లెక్క దీనికి వేస్తే నత్రజని 41, భాస్వరం 53 వచ్చింది. భాస్వరమే ఎక్కువ! మరి ఏడు రెట్లు ఏమైంది? నేను తప్పు వేశానా?

ల్యాబ్_కోటు
బుధవారం, రాత్రి 9:05

తప్పు వెయ్యలేదండీ. అక్కడ ఫాస్ఫేటు తిండి కోసం మాత్రమే కాదు, పీహెచ్ కదలకుండా పట్టి ఉంచడానికి కూడా. నాచు నైట్రేటు తింటే నీళ్ళు క్షారం వైపు, అమ్మోనియం తింటే ఆమ్లం వైపు జరుగుతాయి. ఆ ఊపును ఫాస్ఫేటు ఆపుతుంది. నాచుకు అంత అక్కర్లేదు.

ఇనుము మర్చిపోలేదు కదా? ఉత్త ఫెర్రస్ సల్ఫేట్ వేస్తే తుప్పులా అడుగుకు దిగిపోతుంది. ఈడీటీఏ (ఇనుమును పట్టి ఉంచే రసాయనం)తో కలిపితేనే నీళ్ళలో నిలుస్తుంది.

పాత_తొట్టి
బుధవారం, రాత్రి 9:20

మర్చిపోయాను. అందుకేనేమో రెండో వారానికి వెలిసిపోయింది. ఇంకొకటి, పోయినేడు ఒక అక్వేరియం కొట్టులో "నాచు పోయే మందు" అని నీలం సీసా ఇచ్చారు. నాచుతో పాటు నా నత్తలన్నీ పోయాయి.

కైకలూరు_చెరువు
బుధవారం, రాత్రి 9:45

నీలం అంటే మైలుతుత్తం అయ్యుంటుంది, అదే కాపర్ సల్ఫేట్. నాచుతో పాటు నత్తలూ దానికి తట్టుకోలేవు.

ల్యాబ్_కోటు
బుధవారం, రాత్రి 10:10

ఆ రాగి కూడా నాచుకు కొసరంత కావాల్సిందే, తమాషా అదే. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లు మోసే ప్లాస్టోసయనిన్ అనే ప్రోటీన్‌లో ఉండేది రాగే. రాగి దొరకకపోతే క్లామిడోమొనాస్ అనే నాచు దాని బదులు ఇనుముతో చేసిన సైటోక్రోమ్ సీ6 తయారుచేసుకుని బండి నడిపిస్తుంది. బయటికి ఆకారం ఏమీ మారదు, లోపల సామాను మారుతుంది.

వేదిక నిర్వాహకుడు
గురువారం, ఉదయం 9:00

మైలుతుత్తం మోతాదుల గురించి ప్రైవేటుగా అడుగుతున్నవాళ్ళు దయచేసి కొత్త దారం తెరవండి. ఇక్కడ నాచు పెంచేవాళ్ళున్నారు, చంపేవాళ్ళు పక్క గదిలో మాట్లాడుకోండి.

మేడమీద_తామర
గురువారం, రాత్రి 9:30

వెంట్రుకల సంగతి నా చేత్తో నేను చూడాలి. భాస్వరం వేస్తే వెంట్రుకలు ఆగుతాయా? ఎలా చెయ్యాలో చెప్పండి. ఈసారి ఒక్కటే మారుస్తాను, ఒట్టు.

ల్యాబ్_కోటు
గురువారం, రాత్రి 9:55

లీటరు నీళ్ళలో 1 గ్రాము డీఏపీ రాత్రంతా నానబెట్టండి. రెండు లీటరు సీసాల్లో రెండో టబ్బు నీళ్ళే పాత చున్నీతో మూడు మడతలు పెట్టి వడకట్టి పొయ్యండి, మోయినా రాకుండా. రెండింటిలోనూ అంచు జుట్టు ఒకే కుచ్చు నుంచి చిటికెడు. ఒకదానికి మాత్రం డీఏపీ తేట 10 మిల్లీలీటర్లు, దగ్గు మందు మూతతో. లీటరుకు 2 మిల్లీగ్రాముల భాస్వరం అవుతుంది. డీఏపీతో కాస్త నత్రజని కూడా వెళ్తుంది, కానీ ఆ నీళ్ళలో యూరియా ఎటూ నిండుగా ఉంది.

సీసాలు రెండూ పక్కపక్కనే, ఒకే ఎండలో. మూడో టబ్బు మాదిరి ఏదో నీడలో పెట్టకండి.

మేడమీద_తామర
గురువారం, రాత్రి 10:02

మూడో టబ్బు నీడలో ఉందని మీకెలా తెలుసు?! నిజమే, వాటర్ ట్యాంకు పక్కన పెట్టాను.

ల్యాబ్_కోటు
గురువారం, రాత్రి 10:04

తెలియదక్కా, ఊరికే అన్నాను. ఇక ఆ టబ్బును లెక్కలోంచి తీసెయ్యండి.

మేడమీద_తామర
తర్వాతి శనివారం, సాయంత్రం 6:20

ముందు మొదటి టబ్బు. సోమవారానికి పాలకూర పప్పు రంగు పోయి పెసరపప్పు రంగు వచ్చింది. ల్యాబ్ అన్నట్టే. ఒక గ్రాము యూరియా కరిగించి పోశాను. బుధవారం సాయంత్రానికి మళ్ళీ పచ్చబడింది. మా అత్తగారు "నిన్న పసుపు, ఇవాళ పచ్చ, ఏం పూజలు చేస్తున్నావే" అన్నారు.

ఇప్పుడు సీసాలు. డీఏపీ వెయ్యని సీసాలో వెంట్రుకలు అలాగే ఉన్నాయి, ఇంకా పొడవయ్యాయని మా అమ్మాయి వాదన. వేసిన సీసాలో పాత వెంట్రుకలు కొన్ని విరిగి తేలుతున్నాయి. కొత్తగా పక్కలనుంచి వచ్చిన కొమ్మలు మాత్రం చివరిదాకా పచ్చగా, మొండిగా ఉన్నాయి. వాటికి వెంట్రుక ఒక్కటీ లేదు. పాత కొమ్మ మీద గాజుపోగు, పక్కనే కొత్త కొమ్మ మొండి చివర, రెండూ ఒకే చుక్కలో కనిపించాయి. ఫోన్ ఆనించి ఫొటో తీశాను కానీ మబ్బుగా వచ్చింది.

సీనెడెస్మస్ సంగతి తేలలేదు. రెండో టబ్బు నీళ్ళు మోయినా లేకుండా వడకట్టి ఇంకో సీసాలో విడిగా పెట్టాను. వారమైనా నాలుగు వేళ్ళవే ఎక్కువ. ఒంటివీ జంటలూ కొంచెం పెరిగినట్టున్నాయి కానీ ఖాయంగా చెప్పలేను. అంటే మోయినా వల్ల కాదనుకోవాలా?

ల్యాబ్_కోటు
శనివారం, రాత్రి 8:40

అలా అనుకోవద్దు. పాత గుంపులు త్వరగా విడిపోవు. పుట్టుకే నలుగురుగా అని మాస్టారు మొదట్లోనే చెప్పారు కదా. ఒంటివి రావాలంటే కొత్త తరం పుట్టాలి. ఆ నీళ్ళలో భాస్వరం లేదు కాబట్టి విభజనే నత్తనడక, తరం మారితే కదా వేషం మారేది. ఈసారి రెండు సీసాలకూ డీఏపీ తేట వెయ్యండి. ఒకదాంట్లో పది మోయినా, ఇంకోదాంట్లో సున్నా. నాలుగైదు రోజులకు ఒక్కో సీసాలో యాభై లెక్కపెట్టండి. యూరియా మాత్రం ఇక వెయ్యకండి, మోయినా పోతాయి.

బాటనీ_మాస్టారు
ఆదివారం, ఉదయం 6:10

పాతదీ కొత్తదీ ఒకే చుక్కలో చూశావు చూడు, నేను నా సర్వీసులో పిల్లలకు అలా చూపించలేకపోయాను. మాకు ఫార్మలిన్ సీసాలో తెల్లబడిన నాచే దిక్కు.

అమ్మా, ఆ రెండు సీసాలూ పారబొయ్యకు. వచ్చే ఆదివారం నేను గుంటూరు వస్తున్నాను, అరండల్‌పేటలో మా చెల్లెలు ఉంది. నా పాత మైక్రోస్కోప్ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. మీ అమ్మాయిని ఇంట్లో ఉండమను.

బందరుకాలవ
ఆదివారం, ఉదయం 7:30

మాస్టారూ, వెళ్ళేటప్పుడు మా ఇంటి మీదుగా వెళ్ళండి. కాలవ గట్టు మెట్లకు కూడా ఆ జుట్టే పట్టింది. నిన్న వంగి చూశాను. ఒక చిటికెడు బిస్లరీ సీసాలో పెట్టి ఉంచా, మూత బిగించాలా వదులుగా ఉంచాలా?

బాటనీ_మాస్టారు
ఆదివారం, ఉదయం 7:34

వదులుగా. ఎండలో పెట్టకు.